ఎన్ని కిలోలు తగ్గావన్నది చివర అడగాల్సిన ప్రశ్న

ఈమధ్య శ్రీకాకుళం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. మా చిన్నత్తగారికి దూరపు బంధువు. కూతురికి పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని జబ్బు, పీసీఓఎస్ అనీ అంటారు) ఉంది, బరువు వంద కిలోలు దాటింది, సంబంధం దాదాపు కుదిరింది, మాఘమాసంలో ముహూర్తాలు చూస్తున్నారు. నేను బరువు తగ్గడానికి చేసే కడుపు ఆపరేషన్ (బేరియాట్రిక్ సర్జరీ) చేయించుకున్నానని ఎవరో చెబితే నంబరు సంపాదించారు. ఆవిడ అడిగినవి రెండే ప్రశ్నలు. "ఇప్పుడు చేయిస్తే మాఘానికి ఎన్ని కిలోలు తగ్గుతుందమ్మా? పెళ్లయ్యాక పిల్లలకు అడ్డమేమీ ఉండదు కదా?"

"అమ్మాయికి నెలసరి ఎలా వస్తోందండీ?" అని నేను అడిగాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పెళ్లయితే అదే సర్దుకుంటుందన్నారు" అన్నారు.

ఆ తల్లి మీద నాకు కోపం రాలేదు. ఆపరేషన్‌కు ముందు మా ఇంట్లోనూ ఇవే ప్రశ్నలు నడిచాయి. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు మనసు కుదురుగా లేదు. ఆ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి పొసగవని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఈ ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోమని వైద్యులు చెబుతారు. బరువు వేగంగా పడిపోయే కాలం అది; తల్లి ఒంట్లోనే ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం చాలనప్పుడు కడుపులో బిడ్డకు ఎక్కడి నుంచి వస్తాయి? చిక్కేమిటంటే, ఏళ్ల తరబడి సరిగా విడుదల కాని అండం సరిగ్గా ఆ నెలల్లోనే విడుదల కావడం మొదలవుతుంది. ఇన్నాళ్లూ రాని గర్భం రాకూడని సమయంలో వచ్చే అవకాశం ఉంది. ఈ ఆపరేషన్లలో పేగు దారి మళ్లించే బైపాస్ రకం చేయించుకున్నవారికి నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటపట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి చూసుకోవాలి. మాఘంలో పెళ్లయిన కొత్త కోడలు ఈ సంగతి అత్తగారికి ఎలా చెప్పుకుంటుంది? పిల్లలు పుట్టరేమోనన్న భయంతో చేయించిన ఆపరేషన్ తర్వాత, పిల్లలు వద్దని జాగ్రత్తపడాలంటే ఆ ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు?

అందుకే ఇది రాస్తున్నాను. పీసీఓఎస్ ఉన్న స్త్రీకి బేరియాట్రిక్ సర్జరీ ప్రధానంగా హార్మోన్లకు చేసే చికిత్స. బరువు తగ్గడం అందులో పెద్ద భాగమే, కానీ భాగమే. మనం మొత్తం వ్యవహారాన్ని తూకానికి అప్పగించేశాం. ఇళ్లలో, ఆసుపత్రుల్లో, బీమా కంపెనీల్లో అందరూ తూకమే చూస్తున్నారు. దాని వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదని నా అభిప్రాయం.

మెడ వెనక నలుపు

నాకు పదో తరగతి నాటికే మెడ వెనక నల్లటి పట్టీలా ఉండేది. ముట్టుకుంటే కాస్త గరుకుగా, మందంగా తగిలేది. అమ్మ ప్రతి ఆదివారం శనగపిండిలో పసుపు, పెరుగు కలిపి అక్కడ రుద్దేది. చర్మం మండేదే కానీ నలుపు పోయేది కాదు. "ఎండలో తిరుగుతావు, మెడ కడుక్కోవు" అనేది. జడ వేసుకుంటే కనబడుతుందని జుట్టు వదులుగా ముడి వేసుకునేదాన్ని. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే మెడ మీద, చంకల్లో చర్మం అలా మందమై నల్లబడుతుందని నాకు ముప్పై దాటాక గాని తెలియలేదు.

పీసీఓఎస్‌లో చాలామందికి మూలంలో ఉండేది ఇదే. ఒళ్లు ఇన్సులిన్ మాట వినదు, క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఆ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేస్తుంది. ఫలితం మనకు తెలిసిందే: నెలలు తప్పే బహిష్టు, గడ్డం కింద వెంట్రుకలు, పాపిడి దగ్గర పలచబడే జుట్టు, నడుము చుట్టూ చేరే బరువు. ఆ బరువు మళ్లీ ఇన్సులిన్‌ను పెంచుతుంది.

స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని, అంటే కడుపు సంచిని, ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతో పోతుంది. పేగుల్లో వచ్చే హార్మోన్ల తీరు మారుతుంది. చాలామందిలో పెద్దగా బరువు తగ్గకముందే, మొదటి వారాల్లోనే చక్కెర, ఇన్సులిన్ లెక్కలు మెరుగుపడడం మొదలవుతుంది. నా విషయంలో ముందుగా మారింది మెడే. కళాశాలలో నా వెనక కూర్చునే సహోద్యోగిని ఒకరోజు, "మేడమ్, మీ మెడ తెల్లబడింది" అన్నారు. ఇంటికి వెళ్లి రెండు అద్దాలు పెట్టుకుని చూసుకున్నాను. గరుకుతనం పోయింది, నలుపు సగానికి పైగా విడిచింది. అప్పటికి చీర కట్టులో పెద్ద తేడా ఏమీ కనబడడం లేదు. ఆ తర్వాత నెలసరి మందు లేకుండా దానంతట అదే వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. అలాంటి కబురు చెప్పుకునే అలవాటు మన ఇళ్లలో లేదు. తూకం తగ్గితే మాత్రం వీధంతా చెబుతాం.

ఇది నా ఒక్కదాని అనుభవమైతే ఇంత గట్టిగా చెప్పను. 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బాంబినీ అధ్యయనంలో, పీసీఓఎస్‌తో పాటు బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 35 దాటిన 80 మంది మహిళల్లో సగం మందికి స్లీవ్ ఆపరేషన్ చేశారు, మిగతా సగం మందికి మందులు, ఆహార సలహాలు ఇచ్చారు. ఏడాది పాటు ప్రధానంగా లెక్కపెట్టింది కిలోలు కాదు, అండం ఎన్నిసార్లు దానంతట అదే విడుదలైందన్నది. ఆపరేషన్ అయినవారిలో అది రెండున్నర రెట్లు ఎక్కువ. లండన్ వైద్యులు తమ అధ్యయనానికి ఎంచుకున్న ఆ ప్రశ్నను మన విశాఖలో, విజయనగరంలో ఆపరేషన్ అయినవారిని ఎవరైనా అడుగుతున్నారా?

"అంత డబ్బు పోసి ఇంతేనా?"

సిరిమాను పండుగకు విజయనగరంలో మా ఇల్లు బంధువులతో నిండిపోతుంది. ఆపరేషన్ తర్వాత వచ్చిన మొదటి పండుగకు మా పెద్దమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి పైనుంచి కింది దాకా చూసి, "కడుపు కోయించుకుని, అంత డబ్బు పోసి, ఇంతేనా?" అంది. ఆమెకు తెలిసిన బొబ్బిలి అమ్మాయి ఎవరో అదే సమయంలో చేయించుకుని నలభై కిలోలు తగ్గిందట. నేను అందులో సగం కాస్త దాటాను. పెద్దమ్మ మాటలో దురుద్దేశం లేదు, కానీ ఆ రోజంతా వచ్చినవాళ్లందరూ ఆ లెక్కతోనే నన్ను చూశారు.

ఇక్కడ ఒక ఎదురువాదాన్ని నేను నిజాయితీగా ఎదుర్కోవాలి. పీసీఓఎస్ ఉంది కాబట్టి ఆపరేషన్ చేసినా బరువు తగ్గదని చాలామంది అంటారు, నన్ను ఓదార్చడానికి కూడా అన్నారు. ఇంతవరకు వచ్చిన పరిశోధనల్లో చాలావాటిలో, పీసీఓఎస్ ఉన్నవారూ లేనివారూ తగ్గే బరువులో పెద్ద తేడా కనబడలేదు. కాబట్టి ఆ సాకును నేను వాడుకోను, ఇంకొకరు వాడుకుని ఆపరేషన్‌కు వెనకాడకూడదు కూడా. మరి ఇద్దరి మధ్య ఇంత తేడా ఎందుకంటే, మొదలుపెట్టిన బరువు, వయసు, ఆపరేషన్ రకం, థైరాయిడ్, వేసుకునే ఇతర మందులు, నిద్ర, ఇలా ఎన్నో ఉంటాయి. బొబ్బిలి అమ్మాయికి ఏ ఆపరేషన్ చేశారో, ఏ జబ్బులు ఉన్నాయో పెద్దమ్మకు తెలియదు. తెలిసింది నలభై అన్న అంకె ఒక్కటే.

మరో వాదన కూడా ఉంది. నాకు తెలిసిన ఒక వైద్యురాలు ఈ వ్యాసం ఆలోచన చెబితే తల అడ్డంగా ఊపారు. "హార్మోన్లు బాగుపడేది ఎక్కువగా బరువు తగ్గడం వల్లనే. నువ్వు తూకం చూడవద్దని రాస్తే జనం తూకం చూడడం మానేస్తారు" అన్నారు. ఆమె భయం సరైనదే. బరువు మరీ త్వరగా ఆగిపోయినా, రెండు మూడేళ్లకు మళ్లీ పెరగడం మొదలైనా దానికి కారణం వెతకాలి. మోకాళ్లు, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ కిలోలతోనే ముడిపడి ఉన్నాయి. పెరిగిన బరువుతో పాటు పీసీఓఎస్ లక్షణాలు కూడా తిరిగి రావచ్చు. తూకం వైద్యుడి దగ్గర ఉండాల్సిన పరికరం, అది ఉండాలి. గుమ్మంలో నిలబెట్టి తీర్పు చెప్పడానికి దాన్ని వాడడమే నాకు అభ్యంతరం.

ఇక "నోరు కట్టుకుంటే సరిపోయేది" అన్న మాట. కోట చుట్టూ తెల్లవారుజామున నడిచిన ఏళ్లు, శనివారాలు ఒంటిపూట భోజనాలు, రాత్రిపూట పుల్కాలు, అన్నీ చేశాను. తగ్గాను, మళ్లీ పెరిగాను. తిండి తగ్గించి బరువు తగ్గిన ఒంట్లో గ్రెలిన్ పెరుగుతుందని, ఏడాది తర్వాత కూడా అది దిగిరాదని 2011లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఒళ్లే ఎదురుతిరిగినప్పుడు సంకల్పబలం గురించి ఉపన్యాసాలు ఇవ్వడం అన్యాయం. ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా అంటున్నారు. మౌంజారో, వెగోవీ 2025లో మన దేశంలోకి వచ్చాయి. కొందరికి అవే మంచి దారి కావచ్చు. అయితే వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ అనే మందు ఆపేసిన ఏడాదిలోపే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరీక్షల్లో తేలింది. గర్భం కోరుకునేవారు రెండు నెలల ముందే దాన్ని మానేయాలి. ఆ మందుకూ ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

ఇద్దరు డాక్టర్లు, రెండు చీటీలు

ఆపరేషన్ విశాఖపట్నంలో జరిగింది. ఆసుపత్రి పేరు అవసరం లేదు. కోత చేసిన చెయ్యి మంచిది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఏ నెలకు ఎంత బరువు తగ్గాలో పట్టిక ఉంది గాని, గైనకాలజిస్టును ఎప్పుడు కలవాలో, నెలసరి వివరాలు ఎక్కడ రాసుకోవాలో ఒక్క వాక్యం లేదు. గర్భం వాయిదా వేయాలన్న సంగతి నేను అడిగితే చెప్పారు.

నాకు థైరాయిడ్ లోపం కూడా ఉంది. ఆ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకోమని విజయనగరంలో డాక్టరు రాశారు. సర్జన్ చీటీలో క్యాల్షియం, ఐరన్ ఉదయం ఫలహారం తర్వాత అని ఉంది. ఇద్దరూ సరిగ్గానే రాశారు, ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. కొన్ని నెలలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే పెరిగే అంకె) పెరిగింది, బరువు తగ్గడం ఆగిపోయింది, రోజంతా నీరసం. థైరాయిడ్ మోతాదు పెంచారు. పెంచిన మందు కొనడానికి మూడు లాంతర్ల దగ్గరి దుకాణానికి వెళితే, అక్కడి పెద్దాయన రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఈ మాత్రకూ క్యాల్షియానికీ మధ్య ఎంత ఎడం ఇస్తున్నారు?" అని అడిగారు. ఫలహారానికి పట్టే సమయమే ఎడం అని చెప్పాను. "నాలుగు గంటలు ఉండాలి. లేకపోతే ఆ మాత్ర ఒంటికి పట్టదు" అన్నారు. క్యాల్షియం సాయంత్రానికి, ఐరన్ మధ్యాహ్నానికి మార్చాక అంకె కిందికి దిగింది. పెంచిన మోతాదును మళ్లీ తగ్గించారు. ఆ ఆగిపోయిన నెలలన్నీ బంధువుల లెక్కలో నేను నోరు కట్టుకోలేని నెలలు.

జుట్టు విషయమూ అంతే. మూడో నెల దాటాక దువ్వెన పెడితే చాలు, గుప్పెడు వచ్చేది. అమ్మ నేల మీద రాలినవి ఏరి వేలికి ఉండలా చుట్టి, నాకు కనబడకుండా కొంగు చాటున పెట్టుకుని బయట పారేసి వచ్చేది. వేగంగా బరువు తగ్గినప్పుడు తలంతా సమానంగా రాలే జుట్టు కొన్ని నెలలకు తిరిగి వస్తుంది. పీసీఓఎస్ వల్ల పాపిడి వెంట పలచబడేది వేరు, దాని వైద్యం వేరు. ప్రోటీన్, ఇనుము తక్కువై రాలేది ఇంకొకటి. మూడూ కలిసినప్పుడు విడదీసి చెప్పే మనిషి కావాలి. సర్జన్ "హార్మోన్ల వల్ల" అన్నారు, హార్మోన్ల డాక్టరు "సర్జరీ వల్ల" అన్నారు.

సోంపేట వైపు భయం

మా అత్తగారిది సోంపేట దగ్గర పల్లె. నేను ప్రోటీన్ పొడి పాలలో కలుపుకోవడం చూసి ఆమె ముఖం మారిపోయింది. "ఆ పొడులు తిని కిడ్నీలు పోగొట్టుకుంటావా తల్లీ?" అంది. బయటివారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. కిడ్నీ జబ్బు ఎందరినో పట్టిన ఉద్దానంలో పుట్టినవారికి అది చాదస్తం కాదు. ఆమె తోడబుట్టిన అన్న కిడ్నీలు పాడై పోయారు. పలాసలో 2023 చివర పరిశోధన కేంద్రంతో కూడిన పెద్దాసుపత్రి వచ్చేదాకా ఆ వైపు మనుషులు కిడ్నీ వైద్యం కోసం ఎంత తిరిగారో ఆమెకు తెలుసు. నేను ఆమెతో వాదించలేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కాగితం చూపించాను, ఏటా చేయించుకుంటానని మాట ఇచ్చాను.

ఆపరేషన్ అయినవారికి చెప్పే 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అదనపు మోతాదేమీ కాదు, మామూలు మనిషికి రోజుకు కావలసిన దానికి దగ్గరగానే ఉంటుంది. కడుపు చిన్నదైపోయాక అంతే తినడం కష్టం కాబట్టి వెతుక్కుని తినాలి. ఒక ఉడికించిన గుడ్డులో సుమారు ఆరు గ్రాములు. మొదటి నెలల్లో ఆ ఒక్క గుడ్డు తినడానికి కళాశాలలో ఒక క్లాసు సమయంలో సగం పట్టేది. చోడి (రాగి) అంబలి మంచిదే, అమ్మ ప్రేమగా గ్లాసు నింపి ఇచ్చేది. కానీ అందులో ప్రోటీన్ కొద్దిగానే ఉంటుంది, గ్లాసుడు తాగితే గుడ్డుకు చోటు ఉండదు. ఉలవలు, పెసలు, పెరుగు, చేప ముందు తిని, మిగిలిన చోటులో అన్నం తినడం నేర్చుకున్నాను. ఈ క్రమం ఇన్సులిన్‌కూ మంచిదే. కిడ్నీల గురించి అత్తగారి భయం నాకు ఇంకో విధంగా పనికొచ్చింది: మోకాలి నొప్పికి ఎవరు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర రాసినా, కడుపు ఆపరేషన్ సంగతి చెప్పి వేరేది రాయించుకుంటున్నాను. ఆ మాత్రలు అటు కిడ్నీలకూ, ఇటు ఆపరేషన్ అయిన కడుపుకూ చేటు.

బీమా పట్టికలో లేని జబ్బు

2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో ఊబకాయం ఆపరేషన్‌కు షరతులు ఉన్నాయి. బీఎంఐ 40 దాటాలి. లేదా 35 దాటి, గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపు తప్పిన మధుమేహం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. పీసీఓఎస్ ఆ పట్టికలో లేదు. సంతానలేమికి చేసే చికిత్స వేరే మినహాయింపు కింద పోతుంది. నా బీఎంఐ 35కూ 40కీ మధ్య ఉండేది. క్లెయిము తిరిగి వచ్చింది, బంగారం తాకట్టు పెట్టాం. ఇంకాస్త లావుగా ఉన్నా, గుండె జబ్బు తెచ్చుకున్నా డబ్బు వచ్చేదన్నమాట. స్త్రీలకు మాత్రమే వచ్చే, కోట్ల మందికి ఉన్న హార్మోన్ల జబ్బు ఒక పట్టికలో చోటు సంపాదించుకోలేకపోయింది.

మరోవైపు అర్హత గీత కిందికి దిగుతోంది. 2022లో అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సర్జన్ల సమాఖ్య కలిసి, ఆసియా వారికి బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్ సూచించవచ్చన్నాయి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది దాదాపు 68 కిలోలు. మనకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది కాబట్టి వైద్యపరంగా దానికి కారణం ఉంది. అయినా ఆ అంకె నన్ను కలవరపెడుతోంది. పెళ్లిచూపుల్లో "అమ్మాయి కాస్త బొద్దు" అనిపించుకునే బరువు అది. కిలోలే కొలమానంగా ఉన్నంతకాలం, ఆ గీత దిగిన కొద్దీ జబ్బు లేని ఆడపిల్లలు కూడా ముహూర్తం కోసం ఆపరేషన్ బల్ల ఎక్కుతారు, జీవితాంతం విటమిన్ మాత్రలు మింగుతారు. హార్మోన్ల పరీక్ష, నెలసరి చరిత్ర, చక్కెర పరీక్ష ముందు చూసి, ఆ తర్వాత బరువు చూసే పద్ధతి ఉంటే ఆ పిల్లలు తప్పించుకుంటారు, నిజంగా అవసరమైనవారికి దారి దొరుకుతుంది.

శ్రీకాకుళం అమ్మాయికి వైద్యపరంగా అర్హత ఉంది. అందుకే వద్దని చెప్పలేదు. తల్లిని అడిగి ఫోన్ అమ్మాయికి ఇప్పించుకుని, పెళ్లికొడుకుకు ఏడాదిన్నర సంగతి తెలుసా అని అడిగాను. తెలియదంది. చెప్పగలవా అంటే, "అక్కా, అతనికి నేను చెబుతాను, అమ్మకు మీరు చెప్పండి" అంది. చెప్పాను. ముహూర్తం మారుస్తారో, ఆపరేషనే వాయిదా వేస్తారో వాళ్లు తేల్చుకోవాలి.

ఆపరేషన్‌కు విశాఖ వెళ్లక తప్పకపోవచ్చు. ఆ తర్వాతి జీవితమంతా మనం ఉండేది ఇక్కడే. విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, శ్రీకాకుళంలో అంతకు చాలా ముందు నుంచే ఉంది. రెండు చోట్లా వారానికి ఒక పూట ఒకే గదిలో గైనకాలజిస్టు, థైరాయిడ్, మధుమేహం చూసే వైద్యుడు, ఆహార నిపుణురాలు కూర్చుంటే చాలు. కొత్త భవనం అక్కరలేదు. మనిషికి ఒక కార్డు ఇవ్వాలి. చివరి నెలసరి తేదీ, టీఎస్‌హెచ్, చక్కెర, హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, క్రియాటినిన్, ఏ మాత్ర ఏ పూట, గర్భం వాయిదా ఎప్పటి వరకు, అన్నీ ఆ ఒక్క కార్డు మీద ఉండాలి. తూకానికీ ఒక గడి పెట్టండి. కలెక్టర్ కార్యాలయంలో సోమవారం అర్జీలు తీసుకునేటప్పుడు ఇవ్వడానికి ఈ సంగతులే ఒక కాగితం మీద రాసి పెట్టాను. జిల్లాలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు, పీసీఓఎస్‌తో ఉన్నవారు ఇంకెవరైనా సంతకం పెడతానంటే, మీ పేరు బయట పెట్టాలో వద్దో మీరే చెప్పండి, అలాగే చేస్తాను.